మగ్దలీనమ్మ చెవి

మార్కాపురం పొలిమేర దాటి కొనకనమిట్ల వైపు పోయే దారిలో పలకల షెడ్డు ఒకటుంది. అందులో ఎడమ గోడ వారగా, మడతపెట్టిన గోనెసంచి మీద మగ్దలీనమ్మ కూర్చుంటుంది. పదకొండేళ్ళుగా అదే చోటు. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. అది మర్యాద అనుకుంటే పొరపాటు. పిచ్చిది కూర్చున్న చోట కూర్చుంటే పిచ్చి అంటుకుంటుందని షెడ్డులో సగం మంది నమ్ముతారు. మిగతా సగం మంది నమ్మరు గానీ, వాళ్ళూ కూర్చోరు.

ఆమె పని వినడం. గనిలోంచి వచ్చిన రాయిని మగవాళ్ళు ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు. చీల్చిన పలకను రంపం మీద కొలతకు కోస్తారు. కోసి ఆరబెట్టిన పలక మగ్దలీనమ్మ ముందుకు వస్తుంది. దాన్ని ఎడమచేతి మూడు వేళ్ళ కొనల మీద నిలిపి, కుడిచేతిలోని చిన్న కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ కొడుతుంది. మంచి పలక కంచు గిన్నెలాగా ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని చీలిక ఉంటే పగిలిన కుండలాగా బొద్దుమంటుంది. ఖంగుమన్నది కుడి పక్కకు, బొద్దుమన్నది ఎడమ పక్కకు. రోజుకు వెయ్యి పలకలు ఆమె చేతిలో మోగేవి.

ఇక్కడి పలక సంగతి చెప్పుకోవాలంటే చాలా ఉంది. మూడు తరాల పిల్లలు ఓనమాలు దిద్దుకున్నది ఈ నేలలోంచి తీసిన రాతి మీదనే. ఎక్కడెక్కడి బళ్ళలోనో దాని మీద ఎంగిలి పూసి తుడిచి, మళ్ళీ రాసి, చదువుకుని పెద్దవాళ్ళయ్యారు. చీల్చినవాళ్ళు మాత్రం శనివారం కూలి తీసుకుంటూ వేలిముద్ర వేశారు. నోటుపుస్తకాలు చవకయ్యాక పలక బడిలోంచి పోయింది. ఇప్పుడీ రాయి ఓడలెక్కి పోయి ఎవరెవరి స్నానాల గదుల్లోనో గోడలకు అంటుకుంటోంది. ఈ తాలూకాలను కర్నూలు నుంచి ఊడదీసి ఒంగోలుకు కట్టారు. రేపు మరొకచోటికి కడతారు. ఎక్కడికి కట్టినా ఆ వేలిముద్ర మాత్రం మారదు.

మగ్దలీనమ్మకు నలభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. దవడలు బిగించినట్టుండే ముఖం, ఎవరు పలకరించినా తిట్టినట్టే వచ్చే జవాబు. ఆమెకు రాతి మాటతో పాటు ఇంకో మాట కూడా వినిపించేది. మాట్లాడేవాడు ఒక్కడే, మగవాడు, గొంతు నిండా అధికారం. "నీ కాగితాలు సరిగా లేవు. నీకు అర్హత లేదు. లే, బయటికి పో." ఇరవై మూడేళ్ళుగా వాడనేది ఇదే. వాడికి ఆమె తాసిల్దారు అని పేరు పెట్టుకుంది. మాత్రలు వేసుకుంటూ, నెలకొక ఇంజెక్షను చేయించుకుంటూ ఉంటే తాసిల్దారు పక్కింట్లో మోగే టీవీ లాంటివాడు. గోడ అవతల ఏదో గొణుగుతుంటాడు, ఇవతల మన పని మనం చేసుకోవచ్చు. మాత్రలు మానేస్తే గోడ ఉండదు.

జబ్బు మొదలైంది దర్శి దగ్గర అత్తగారింట్లో. మొగుడు ఏడాదిన్నర చూశాడు. ఒక పొద్దున బస్సెక్కించి తీసుకొచ్చి, తమ్ముడి గుమ్మం ముందు దించి, తిరుగు బస్సుకే పోయాడు. దుకాణంలో కొన్న మిక్సీ చెడిపోయి వెనక్కి ఇచ్చేవాళ్ళు కూడా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి పోతారు. ఆ తర్వాత ఒక దర్గాలో తాయెత్తు కట్టారు. ఒకచోట నలభై రోజులు గుళ్ళో పడుకోబెట్టారు. చివరికి గిద్దలూరు అవతల అడివంచున ఒక ప్రార్థన ఆశ్రమంలో వదిలారు. మతాలు దేని మీదా కలవవనే పండితులు ఆమెనొకసారి అడిగి చూడాలి. ఆశ్రమంలో ఏడు నెలలు ఆమె కుడి కాలికి గొలుసు. పగలు పాటలు, సాయంత్రం వేపమండలతో దెబ్బలు. దెబ్బలు తనకు కాదు, తనలో ఉన్నవాడికని చెప్పేవాళ్ళు. ఉన్నవాడికి ఒక్క దెబ్బా తగల్లేదు. తల్లి రెండు మేకలను అమ్మి, వెళ్ళి, అక్కడివాళ్ళతో పోట్లాడి విడిపించుకొచ్చింది. సర్కారు ఆసుపత్రిలో మానసిక డాక్టరుకు చూపించింది. బతికినన్నాళ్ళు తన చేత్తోనే మాత్రలు మింగించి, పోతూ పోతూ తన గదిని కూతురికి వదిలి పోయింది.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఆ గది. రేకుల కప్పు. ఎండాకాలం అందులో పిండి ముద్ద పెడితే రొట్టె అవుతుంది. కానీ దానికి లోపల గడియ ఉంది, బయట తాళం ఉంది, తాళంచెవి మగ్దలీనమ్మ మెడలో దారానికి ఉంది. మామూలు మనుషులు తాళంచెవి ఎక్కడో పెట్టి, మరిచిపోయి, ఇల్లంతా వెతికి, దాన్నే తిడతారు. ఏడు నెలలు తాళానికి అవతలి పక్క ఉన్న మనిషి అట్లా మరిచిపోదు. సాయంత్రం షేర్ ఆటో దిగి వచ్చి, ఆ తాళం తీసి, తలుపు మూసుకుని, తన పొయ్యి మీద తను వంకాయ కూర వండుకుని, ఉప్పు ఎక్కువైతే తనను తనే తిట్టుకుని తినడం మగ్దలీనమ్మ బతుకులో అన్నిటికంటే పెద్ద సంగతి. డాక్టర్లు కాగితాల్లో ఏ పేరు పెడతారో గానీ, ఆమె లెక్కలో బాగుండటం అంటే అదే.

గదిని నిలుపుకోవడానికి తమ్ముడు పాల్ రాజుతో ఒక ఒప్పందం ఉంది. అతను తాపీ మేస్త్రి, చర్చి సంఘంలో పెద్ద. తల్లి పోయిన నెలకు, పాస్టరు గారినీ ఇద్దరు పెద్దలనూ కూర్చోబెట్టి చెప్పాడు: "పనికి పోతన్నన్నాళ్ళు గదిలో నీ ఇష్టం అక్కా. పని పోయిందంటే మాత్రం నిన్ను పగలంతా కాపలా కాసే తీరిక ఎవురికీ లేదు. ఆశ్రమానికే." పెద్దలు తలలూపారు. మగ్దలీనమ్మ కూడా ఊపింది. పని పోతుందని ఆమె ఎందుకనుకుంటుంది? అట్లాంటి చెవి ఆ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు.

పోయేది చెవి కాదు, చెయ్యి అని అప్పుడు తెలియదు.

ఈ ఏడు వేసవిలో తాసిల్దారు గోడ పగలగొట్టుకుని వచ్చాడు. మగ్దలీనమ్మ మిట్టమధ్యాహ్నం బైపాసు రోడ్డు నడిమధ్య నిలబడి, లారీలను ఆపి కాగితాలు చూపించమంది. ఇద్దరు డ్రైవర్లు నిజంగానే చూపించారట. దాంతో డాక్టరు మందు పెంచాడు. తాసిల్దారు వెనక్కి తగ్గాడు గానీ, ఆమె కుడిచేతికి వణుకు పట్టుకుంది. నీళ్ళ చెంబు ఎత్తితే సగం కొంగు మీదే. అన్నం ముద్ద నోటిదాకా పోయేసరికి మెతుకులవుతోంది. వణుకు సంగతి చెబితే డాక్టరు ఇంకో మాత్ర రాసేవాడు, దానికీ మందుంది. మగ్దలీనమ్మ చెప్పలేదు. చెబితే ఉన్నవి మారుస్తాడు, మారిస్తే మళ్ళీ లారీల ముందు నిలబడతానని భయం. ఆసుపత్రికి పోయినప్పుడల్లా చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుని, "బాగుండా సారూ" అని వచ్చేసేది.

వణికే చేత్తో కొడితే సుత్తి రాయికి ఒక్కసారి తగలదు. రెండుసార్లు, మూడుసార్లు తగులుతుంది. మొదటి మోత పైన రెండో దెబ్బ పడితే మంచి పలక కూడా బొద్దుమంటుంది. పగిలినదాని గొంతు అసలే తెలియదు.

దీన్ని మొదట కనిపెట్టింది రమణి. గొర్రెలు మేపే ఇంటి మనిషి, ముప్పై అయిదేళ్ళది, మందను అదిలించే గొంతు. మగ్దలీనమ్మ మంచివని తేల్చిన పలకలను గడ్డి వేసి చెక్క పెట్టెల్లో సర్దడం ఆమె పని. పెట్టెలో పగిలిన పలక దొరికితే షెడ్డు యజమాని హరిబాబు మొదట అరిచేది రమణి మీద.

"ఏందక్కా, రాయికి భజన చేస్తన్నావా? ఒక్కటి కొట్టమంటే మూడు కొడతన్నావు."

"నీ నోరుకంటే నయం. అది మొదలైతే మూడుతో ఆగదు," అంది మగ్దలీనమ్మ.

"నా పెట్టెలో పగుళ్ళు దొరికితే ఓనరు నన్ను తిడతాడు. నిన్నేమీ అనడు. నీకు పిచ్చి గదా, సుఖంగా ఉండావు."

"నువ్వూ తెచ్చుకో. తాలూకాఫీసులో అర్జీ పెట్టు, ఇస్తారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రమణి నవ్వలేదు. ఆ ఇద్దరి మధ్య పదకొండేళ్ళుగా ఇదే తంతు. షెడ్డులో మిగతావాళ్ళు మగ్దలీనమ్మ టీ గ్లాసును వేరే మేకుకు తగిలించి, ఆమెతో చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. ఆమె అటు తిరగ్గానే కణతల దగ్గర వేలు తిప్పేవాళ్ళు. రమణి తిప్పేది ఆమె కళ్ళ ముందే.

ఆర్నెల్ల క్రితం జీవన్ కుమార్ సూపర్‌వైజరుగా వచ్చాడు. డిప్లొమా చదివినవాడు. ఇస్త్రీ చొక్కా మీద పలక దుమ్ము పడితే రుమాలుతో దులుపుకుంటాడు. బుధవారం పొద్దున మగ్దలీనమ్మ చెయ్యి చూశాడు. హరిబాబు గదిలోకి పోయి, తలుపు వేయకుండానే మాట్లాడాడు. షెడ్డంతా విన్నది.

"మెంటల్ పేషెంటు చేతికి సుత్తిచ్చి కూర్చోబెట్టినారు. రేపు ఎవురి తలన్నా పగలగొడితే కేసు మీ మీదకు వస్తాది సార్. అయినా రాయిని కొట్టి వినేదేంది? నీళ్ళు పూసి తుడిస్తే పగులు నల్లగా కనపడతాది. నేను చూపిస్తా."

"రోజుకు వెయ్యి పలకలకు నీళ్ళు పూసి తుడిచేదెవుడు?" అన్నాడు హరిబాబు. అతనికి మనుషుల మీద జాలి లేదు, కోపమూ లేదు. సాయంత్రానికి ఎన్ని పెట్టెలు లారీ ఎక్కాయన్నదే అతని లోకం. "ఆమె చెవి ఇంకా పనిచేస్తాందా లేదా, అది తేల్చు."

జీవన్ కుమార్ బయటికి వచ్చి తేల్చే పద్ధతి చెప్పాడు. సోమవారం పొద్దున నలభై పలకలు. ముందే తను నీళ్ళతో చూసి, పగిలినవాటి వెనక పెన్సిలు గుర్తు పెడతాడు. మగ్దలీనమ్మ విని చెప్పాలి. మూడు తప్పుల వరకు సరే. నాలుగో తప్పు పడితే ఆ రోజే ఆఖరు.

వార్త ఆమెకంటే ముందు ఊరు చేరింది. షేర్ ఆటోలకు ఈ ప్రాంతంలో ఏ తపాలా ఆఫీసూ సాటి రాదు. పైగా ఆ ఆటోల్లో ఒక రాయని నియమముంది: తొమ్మిదిమంది పట్టే చోట పదమూడుమందిని కుక్కుతారు గానీ, మగ్దలీనమ్మ ఒడి పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలో తన అన్నం క్యారియరు పెట్టుకుని ఆమె దొరసానిలాగా వచ్చేసరికి, గది ముందు పాల్ రాజు నిలబడి ఉన్నాడు.

"సోమారం సాయంత్రానికి వాళ్ళ బండి పంపిస్తామన్నారు," అన్నాడు.

"ఎవురు వాళ్ళు?"

"ఆశ్రమం వాళ్ళు. ఇప్పుడు గొలుసులు లేవంట అక్కా. ఫ్యాన్లు కూడా పెట్టినారంట."

"అంత బాగుంటే నువ్వు పోయి ఒక నెలుండి రా. నేను నీ పెండ్లాం పిల్లల్ని చూసుకుంటా."

"నీతో మాట్లాడితే ఇంతే."

"సోమారం తేలకముందే బండి చెప్పినావు గదరా. ఈ గది అద్దెకెవురికి చెప్పినావు?"

పాల్ రాజు చెప్పులు టపటపలాడిస్తూ పోయాడు. ఎవరికి చెప్పాడో మగ్దలీనమ్మకు తెలుసు. కొత్తగా వచ్చిన కరెంటాఫీసు లైనుమేను రెండుసార్లు వచ్చి గది కిటికీ కొలత చూసి పోయాడు.

ఆ రాత్రి ఆమె మాత్రల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. లెక్క సులువుగానే ఉంది. మాత్ర వల్ల వణుకు. వణుకు వల్ల పని పోతుంది. పని పోతే గది పోతుంది. గురువారం నుంచి మాత్రలు మానేసింది. నెల ఇంజెక్షను ఒంట్లో ఉంది కాబట్టి నాలుగు రోజుల్లో కొంప మునగదనుకుంది. చదువుకున్నవాళ్ళూ ఇట్లాంటి లెక్కలే వేస్తారు. కాకపోతే వాళ్ళు దానికి పెద్ద పేర్లు పెడతారు.

శనివారానికి చెయ్యి కొంచెం నిలిచింది. చెంబులో నీళ్ళు తొణకలేదు. ఆ సంతోషంలో ఆమె గోడ సంగతి గమనించలేదు.

ఆదివారం గుళ్ళో పాస్టరు గారు వాక్యం చదువుతుండగా తాసిల్దారు ఆ పక్కనే నిలబడి తనూ చదవడం మొదలుపెట్టాడు. "ఈమె పేరు జాబితాలో లేదు. ఎవరు రానిచ్చారు?" మగ్దలీనమ్మ పళ్ళు బిగించి, పాట అయ్యేదాకా ఉండి, లేచి వచ్చేసింది. వెనక నుంచి ఆడవాళ్ళ గుసగుస వినపడింది. అది నిజంగా వినపడిందో లేదో కూడా తెలియలేదు.

అక్కడి ఇళ్ళకు కంచెలు కూడా పలక ముక్కలవే. పనికిరాని పలకలను నిలువునా పాతి గోడ కట్టుకుంటారు. ఇంటికి రాగానే తన కంచె పక్కన పేర్చిన ముక్కలు తీసుకుని, గరిటె కొయ్యతో ఒక్కొక్కటే కొట్టి చూసింది. చెయ్యి నిలకడగా ఉంది. దెబ్బ ఒక్కటే పడుతోంది. కానీ రాయి పలకడం లేదు. ప్రతి రాతిలోంచీ తాసిల్దారే పలుకుతున్నాడు. పగిలింది. పగిలింది. అర్హత లేదు. పగిలింది. ఇరవై ముక్కలు కొడితే ఇరవైకీ అదే తీర్పు. అందులో మొన్న తను స్వయంగా తెచ్చుకున్న మంచి పలక కూడా ఉంది.

ఆమె ఎండలో అట్లాగే కూలబడింది. చెయ్యి వచ్చింది, చెవి పోయింది. లోపలికి వెళ్ళి మాత్రలు వేసుకుంది. ఒక పూట మాత్రకు గోడ లేవదని తెలుసు. అయినా వేసుకుంది.

సోమవారం పొద్దున షెడ్డులో రంపాలు ఆగాయి. హరిబాబు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నలుగురు ఏడుపు ముఖాలు, పదిమంది సినిమా చూసే ముఖాలు పెట్టుకుని చుట్టూ చేరారు. జీవన్ కుమార్ పలకలను సిమెంటు నేల మీద, గుర్తులు కనపడకుండా, వరసగా వెల్లకిలా పరిచాడు.

"కొట్టమ్మా," అన్నాడు.

"నేల మీద పెట్టి కొడితే రాయి పలకదు. నీ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడమన్నట్టుంది."

"అప్పుడే సాకులా?"

"ఎత్తి కొట్టనీయి జీవన్," అన్నాడు హరిబాబు. ఆ మాత్రం పని అతనికీ తెలుసు.

మగ్దలీనమ్మ మొదటి పలక ఎత్తింది. నిన్నటి మాత్రతో వణుకు మాత్రం తిరిగొచ్చింది, సుత్తి టకటకమని మూడుసార్లు తగిలింది. ఎవరో కిసుక్కున నవ్వారు. బాగుందని చెప్పింది, సరిపోయింది. రెండోది బొద్దుమంది, పగిలిందంది. జీవన్ కుమార్ తిప్పి చూపించాడు. గుర్తు లేదు, అది మంచిది. ఒక తప్పు. మూడోది చేతిలోంచి జారి పాదం పక్కన పడింది. దాన్ని కూడా తప్పు కిందే రాసుకున్నాడు.

"పడిపోయింది తప్పెట్లయితాది?" అంది మగ్దలీనమ్మ.

"పడేసే మనిషి పనికెట్లా వస్తాది?"

రెండు పోయాయి. ఇంకా ముప్పై ఏడున్నాయి. లోపల తాసిల్దారు గొంతు సవరించుకుంటున్నాడు. మగ్దలీనమ్మ సుత్తిని చూసింది. చేతిని చూసింది. తర్వాత తల తిప్పి, గడ్డి కట్ట మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న రమణిని చూసింది.

"లేసి రా. నువ్వు కొట్టు. నేను వింటా."

"నేనా? నీకు చాకిరీ చేయనీకి వచ్చినానా?"

"పోయిన నెల నేను జరమొచ్చి రెండు రోజులు రాకపోతే ఈయన కంటితో ఏరినాడు గదా. అప్పుడు నీ పెట్టెలెన్ని మళ్ళీ విప్పించినారు? గోళ్ళూడిపోయేట్టు మేకులు పీకినావు. రేపట్నించి దినామూ అంతే. నాకేంది, నేను పోయి ఫ్యాను కింద కూర్చుంటా."

రమణి ముఖం ఎర్రబడింది. మగ్దలీనమ్మను చూసి కాదు, జీవన్ కుమార్‌ను చూసి. వేరుశనగ పొట్టు దులుపుకుని లేచింది.

"ఒప్పుకోను," అన్నాడు జీవన్ కుమార్. "పరీక్ష ఆమెకు."

"చెవికా, చేతికా సారూ?" అంది రమణి. "చేతికయితే నా మొగుడు పొద్దస్తమానం గొర్రెబొచ్చు కత్తిరిస్తాడు, చెయ్యి బంగారం. తెచ్చి కూర్చోబెట్టమంటావా?"

హరిబాబు గడియారం చూసుకున్నాడు. "ఎవురు కొడితే ఏంది? తొందరగా కానీండి."

మగ్దలీనమ్మ వెనక్కి తిరిగి గోడకేసి కూర్చుంది. వెనక రమణి పలక ఎత్తి కొట్టింది. ఒక్క దెబ్బ, శుభ్రంగా. మోత షెడ్డు రేకుల దాకా పోయి వచ్చింది.

"బాగుంది."

"ఇది?"

"బాగుంది."

"ఇది?"

"పగిలింది. ఎడమ మూల."

"మూల ఎవురడిగినారు నిన్ను? పెద్ద చెప్పొచ్చింది. ఇది?"

నవ్వులు ఆగిపోయాయి. జీవన్ కుమార్ ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పెన్సిలుతో గీతలు పెడుతున్నాడు. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. ముప్పై ఒకటో పలక దగ్గర తాసిల్దారు గట్టిగా అరిచాడు. మగ్దలీనమ్మ అదిరిపడి, పగిలిందంది. అది మంచిది. మూడో తప్పు.

ఆ తర్వాత ప్రతి పలకకూ ఆమె వీపు మీద చెమట పట్టింది. ముప్పై తొమ్మిది వరకు ఎట్లాగో దాటింది. నలభయ్యోది మిగిలింది. రమణి కొట్టింది.

ఖంగుమన్నట్టే అనిపించింది. ఆ వెంటనే, "పగిలింది," అన్నాడు తాసిల్దారు. చెవిలో కాదు, పుర్రె నడిమధ్య.

"ఇంకోసారి కొట్టు."

రమణి కొట్టింది. మళ్ళీ రెండూ కలిసి వినపడ్డాయి. ఏది రాయి మాటో, ఏది వాడి మాటో విడదీయడం చేతకాలేదు.

"ఎన్నిసార్లే? రాయి అరిగిపోతాది," అంది రమణి.

మగ్దలీనమ్మ కళ్ళు మూసుకుంది. ఇరవై మూడేళ్ళు ఒకే కొంపలో కాపురమున్న శత్రువు వాడు. వాడి గుణం ఆమెకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. వాడికి ఓపిక లేదు. ఎవరైనా అడిగేదాకా ఆగడు.

"రమణీ, ఇట్ల చెయ్యి. ఈసారి కొట్టాలనుకుంటే కొట్టు, వద్దనుకుంటే కొట్టమాక. సుత్తి ఎత్తు, అంతే. కొట్టినావో లేదో నాకు చెప్పమాక."

"ఏందే ఈ తిక్క?"

"చెప్పింది చెయ్యి."

రమణి సుత్తి ఎత్తిన గాజుల చప్పుడు. ఆ తర్వాత ఏ మోతా లేదు. రమణి కొట్టలేదు.

"పగిలింది," అన్నాడు తాసిల్దారు.

మగ్దలీనమ్మకు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది చూసి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు భయపడి వెనక్కి జరిగారు. దెబ్బే పడని రాయికి తీర్పు చెప్పాడు దొంగనాయాలు. అంటే ఇందాకటి పగులు కూడా వాడిదే. మిగిలిన ఖంగు రాయిది.

"బాగుంది," అంది గోడకేసి చూస్తూనే. "నలభయ్యోది మంచి పలక."

జీవన్ కుమార్ దాన్ని తిప్పాడు. తిప్పి, పక్కన పెట్టాడు. రమణి లాక్కుని అందరికీ చూపించింది. వెనక గుర్తు లేదు.

"మూడే తప్పులు," అన్నాడు హరిబాబు లేస్తూ. "రంపాలు వేయండి."

"సార్, ఒక మనిషి పనికి ఇద్దరు కావాల్సి వచ్చినారు," అన్నాడు జీవన్ కుమార్.

హరిబాబు క్షణం ఆలోచించాడు. "ఇద్దరూ కలిసి ఏరాల. ఇద్దరూ కలిసి సర్దాల. పెట్టెల లెక్క తగ్గితే ఇద్దరినీ పంపిస్తా." న్యాయం చేశానన్న తృప్తి కూడా అతని ముఖంలో లేదు. పని తేలిపోయింది, అంతే.

నష్టపోయింది రమణి. అంతవరకు సర్దడం ఒక్కటే ఆమె పని, ఇప్పుడు కొట్టడం కూడా వచ్చి మెడకు చుట్టుకుంది. ఆ మధ్యాహ్నమంతా మగ్దలీనమ్మను ఆమె తిట్టని తిట్టు లేదు. మగ్దలీనమ్మ కూడా ఊరుకోలేదు. గడ్డి పరచడం రాదని రమణి ఆమెను, సుత్తి పట్టుకోవడం రాదని ఆమె రమణిని.

నాలుగు గంటలకు గేటు దగ్గర తెల్ల బండి ఆగింది. ముందు పాల్ రాజు దిగాడు. వెనక ఇద్దరు మగవాళ్ళు, చేతుల్లో ఏమీ లేవు గానీ, మనుషులను పట్టుకోవడం అలవాటైన చేతులు. మగ్దలీనమ్మ వాళ్ళ చేతులు చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేయబోయి ఆగింది.

"పని ఉందిరా," అంది. "ఓనరును అడుగు."

పాల్ రాజు హరిబాబు దగ్గరికి పోయాడు. ఏమి మాట్లాడుకున్నారో వినపడలేదు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖంలో ఉన్నది కోపమా, అవమానమా, లైనుమేనుకు ఏం చెప్పాలన్న దిగులా, చెప్పడం కష్టం. మూడూ ఉండొచ్చు.

"బండికి డీజిలు ఖర్చు నా మీద పడింది," అన్నాడు.

"పెద్దల ముందర మాటిచ్చినావు. పని ఉన్నన్నాళ్ళు గది నాదే."

"ఎన్నాళ్ళుంటాది? ఆ గొర్రెలోళ్ళ ఆడది రేపు రాకపోతే?"

బండి వెనక్కి తిరిగి దుమ్ము లేపుకుంటూ పోయింది. లోపలి మనుషుల్లో ఒకడు కిటికీలోంచి ఆమెను, పోయిన బస్సు మళ్ళీ వస్తుందన్నంత నింపాదిగా చూశాడు.

మరునాడు పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చి పలకలు పేర్చింది. తొమ్మిదయింది. రమణి రాలేదు. తొమ్మిదింబావు అయింది. జీవన్ కుమార్ రెండుసార్లు ఆ దారిన పోయి ఖాళీ చోటు చూసి, గడియారం చూసుకున్నాడు. లోపల తాసిల్దారు కాగితాలు తిరగేస్తున్నాడు. మగ్దలీనమ్మ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గేటువైపు చూస్తూ కూర్చుంది.

తొమ్మిదిన్నరకు రమణి వచ్చింది. గొర్రె ఈనిందని, ఆలస్యమైందని, ఎవరూ అడగకుండానే షెడ్డంతటికీ వినపడేట్టు చెప్పింది. చెప్పి, మగ్దలీనమ్మ గోనెసంచి సగం తన వైపు లాక్కుని దాని మీద కూర్చుంది. చుట్టూ పనిచేస్తున్నవాళ్ళ చేతులు ఆగాయి.

"ఏంది చూస్తన్నారు? నేల సల్లగుంది," అంది వాళ్ళతో. మగ్దలీనమ్మ వైపు తిరిగి, "ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఆ చెయ్యి చూపించుకో. దాన్ని దాచిపెట్టుకుంటే నీ బదులు నేను జీవితాంతం కొట్టాల్నా?"

"చూపిస్తే మందు మారుస్తాడు."

"మార్చనీ. లారీలు ఆపితే నేనొచ్చి జుట్టు పట్టి ఈడ్చుకొస్తా. ఇంద, ఇది?"

"బాగుంది."

"ఇది?"

"పగిలింది."

"నీ తలకాయ మాదిరా?"

"నీ నోటి మాదిరి. కొట్టు."